పాటలో అక్షరాలు

చీకటి పడింది. నాట్లకు పోయిన తల్లి ఇంటికి వచ్చింది. ఇంట్లో కూతురు నోటు పుస్తకం ముందు పెట్టుకుని సినిమా పాట పాడుతోంది. ఆ పిల్ల నాలుగో తరగతి.

“నిన్ను బడికి పంపేది పాటలు పాడడానికా? పాఠం చదువు” అని తల్లి కసిరింది.

“ఇదే పాఠం అమ్మా! ఎవరికి ఇష్టమైన పాట వాళ్ళు రాసుకు రావాలని టీచరు గారు చెప్పారు” అంది కూతురు.

తల్లికి నమ్మకం కుదరలేదు. కూతురి చదువు గురించి ఆమెకు బెంగ ఉంది. నాలుగో తరగతికి వచ్చినా ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది.

తల్లిదీ అదే కష్టం. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. సంతకం చేస్తుంది. నెమ్మదిగా చదువుతుంది. కానీ బస్సు బోర్డు చదివేలోపు బస్సు కదిలిపోతుంది. “ఈ బస్సు ఎక్కడికి పోతుంది బాబూ?” అని పక్కవాళ్ళను అడగాల్సిందే.

మర్నాడు పనికి పోతూ ఆమె బడి దగ్గర ఆగింది.

“టీచరు గారూ, మా పిల్లకు చదువే సరిగ్గా రాదు. మీరేమో పాటలు పాడమన్నారంట!” అంది.

టీచరు నవ్వింది. “కూర్చోండమ్మా. నాట్లు వేసేటప్పుడు మీరు పాడే పాట ఒక ముక్క చెప్పండి” అంది.

తల్లి సిగ్గుపడుతూనే ఒక ముక్క పాడింది. టీచరు దాన్ని నల్లబల్ల మీద రాసింది. ఒక్కో మాట కింద కర్ర పెట్టింది. తల్లి గడగడా చదివేసింది. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడు టీచరు మధ్యలో ఒక మాట మీద కర్ర పెట్టింది. “ఇదేమిటో చెప్పండి” అంది.

తల్లి ఆగిపోయింది. మొదటి నుంచి మళ్ళీ పాడుకుంటూ వస్తేగాని ఆ మాట చెప్పలేకపోయింది.

“చూశారా? పాట మీ నోటికి వచ్చింది. కంటికి ఇంకా రాలేదు. కంటికి కూడా వస్తే అదే చదువు. ఇది నా సొంత తెలివి కాదమ్మా. దీన్ని అహ్మదాబాద్‌లో చేసి చూశారు” అంది టీచరు.

అహ్మదాబాద్‌లో ఏం చేశారు?

అహ్మదాబాద్ గుజరాత్ రాష్ట్రంలో పెద్ద నగరం. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో బ్రిజ్ కొఠారీ అనే ఆచార్యుడు పనిచేసేవారు. 1996లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మన జనానికి సినిమా పాటలంటే ప్రాణం. టీవీలో పాట వచ్చేటప్పుడు ఆ పాట మాటలనే తెర కింద చూపిస్తే ఎలా ఉంటుంది? గుజరాతీ పాటకు గుజరాతీ అక్షరాలు. హిందీ పాటకు హిందీ అక్షరాలు. ఏ మాట పాడుతుంటే ఆ మాట రంగు మారుతుంది. చెవి వింటుంది. కన్ను వెంట పోతుంది.

ముందు పేద పిల్లలు చదివే బడిలో చేసి చూశారు. కొందరు పిల్లలకు అక్షరాలతో పాటలు చూపించారు. కొందరికి అక్షరాలు లేకుండా పాటలు చూపించారు. తర్వాత వాళ్ళ చేత చదివించారు. అక్షరాలతో పాటలు చూసిన పిల్లలే ఎక్కువ మెరుగుపడ్డారు.

1999లో దూరదర్శన్ గుజరాతీ సినిమా పాటల కింద అక్షరాలు వేసింది. 2002లో హిందీ పాటల కార్యక్రమం ‘చిత్రహార్’కు కూడా అలాగే వేశారు. దాన్ని దేశమంతా చూసింది.

పాట చదువుకు ఎందుకు పనికొస్తుంది? పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. అవే మాటలు మళ్ళీ మళ్ళీ కంట పడతాయి. తర్వాత ఏ మాట వస్తుందో మనకు ముందే తెలుసు. అందుకని భయం ఉండదు. పాట మన కోసం ఆగదు. దాని వెంట కన్ను కూడా త్వరగా కదలడం నేర్చుకుంటుంది.

ఇంట్లో ఎలా చేయాలి?

1. బాగా నోటికి వచ్చిన పాట ఒకటి తీసుకోండి. సినిమా పాట కావచ్చు. ఊయల పాట కావచ్చు.

2. పల్లవి మాత్రమే పెద్ద అక్షరాలతో రాయండి. మాటకు మాటకు మధ్య ఎడం వదలండి.

3. పాడుతూ, పాడే మాట కింద వేలు పెట్టండి.

4. మధ్యలో ఒక మాట చూపించి అడగండి. చివరి నుంచి మొదటికి కూడా చదవండి.

5. మాటలను ముక్కలుగా కత్తిరించి కలపండి. మళ్ళీ వరసగా పేర్చండి.

6. ఒక మాట తీసి మీ సొంత మాట పెట్టండి. అలా కొత్త పాట కట్టండి.

జాగ్రత్త!

పాడేవాళ్ళు అక్షరాన్ని సాగదీస్తారు. ఆ రోజు కూతురు పాట వింటూ ‘పడవ’ను ‘పాడవా’ అని రాసింది. తల్లి దిద్దింది. “పాడకుండా మామూలుగా అను” అంది. కూతురు అని చూసింది. “పడవ! దీర్ఘాలు లేవమ్మా” అంది. కాబట్టి ముందు మాటను మామూలుగా పలకాలి. తర్వాత రాయాలి.

ఫోనులో కొన్ని పాటల కింద తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి. తెలుగు చదవడం నేర్చుకోవడానికి అవి పనికిరావు. తెలుగు అక్షరాలు ఉన్నవే చూడాలి.

ఆ తర్వాత

రోజూ రాత్రి తల్లీ కూతురూ దీపం ముందు కూర్చున్నారు. కూతురు సినిమా పాట తెచ్చింది. తల్లి నాట్ల పాట చెప్పింది. ఆ పాట ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. దాన్ని అంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. కూతురు రాసింది. తల్లి చదివి తప్పులు దిద్దింది. కూతురు సొంతంగా రెండు వరసలు కూడా కట్టింది:

మా అమ్మ నాటింది నారు
మా ఊరు తింటుంది కూడు

బడిలో పిల్లలందరి పాటలూ కలిపి ఒక పుస్తకం కుట్టారు. పిల్లలు ఒకరి పాట ఒకరు చదివారు. తమకు రాని పాటలు కూడా చదివారు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సంత రోజున తల్లి రోడ్డు మీద నిలబడింది. దూరంగా బస్సు వస్తోంది. ఆమె కళ్ళు బోర్డు మీద పరుగెత్తాయి. బస్సు ఆగకముందే ఊరి పేరు చదివేసింది.

పక్కనున్న ముసలమ్మ అడిగింది: “అమ్మాయ్, ఈ బస్సు ఎక్కడికి పోతుంది?”

“మన సంతకే పెద్దమ్మా! రా, ఎక్కు” అంది తల్లి. ముసలమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

ఆలోచించండి – చెప్పండి

1. తల్లి నల్లబల్ల మీది పాట చదివింది కదా. మధ్యలో మాట ఎందుకు చెప్పలేకపోయింది?

2. మీ అమ్మ, అమ్మమ్మ పాడిన పాటల్లో ఏవి మీకు గుర్తున్నాయి?

3. అందులో ఒక పాట పల్లవి రాయండి. మీ కేంద్రంలో మరొకరి చేత చదివించండి.