108 బండిలో రోగి పక్కన కూర్చొనేవారు ఏమి చదువుతారు?

మా మగవారి వార్డులో గుండెపోటుతో చేరిన ఒక పెద్దాయన భార్య, డిశ్చార్జికి ముందురోజు సాయంత్రం నా దగ్గరకు వచ్చి కొంగు ముడిలోంచి ఒక కరపత్రం తీసి చూపించారు. "సిస్టరమ్మా, మా చిన్నోడు ఇంటరు పాసై ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆ రోజు 108లో వచ్చిన అబ్బాయి వాళ్ల నాన్నను ఎలా కాపాడుకుంటూ తీసుకొచ్చాడో చూసినప్పటి నుంచి నేనూ అదే చదువుతానంటున్నాడు. ఈ కాగితంలో మూడు నెలల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అని రాశారు. ఫీజుకు నా గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నా. చేర్పించమంటారా?" అని అడిగారు.

ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పే సంగతి కాదది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నాకు తెలిసినంత వివరించాను. రోగికి తోడుగా ఉన్న మరికొందరు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఆ వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఇ.ఎమ్.టి. అంటే ఎవరు?

ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అనే పేరును పొట్టిగా ఇ.ఎమ్.టి. అంటారు. 108 అంబులెన్సులో సాధారణంగా ఇద్దరు వస్తారు. బండి నడిపేవారిని పైలట్ అంటారు. వెనుక రోగి పక్కన ఉండేవారే ఇ.ఎమ్.టి. చాలామంది వీరిని డ్రైవరుకు సహాయకులని పొరబడి, "త్వరగా పోనివ్వండి, ఇక్కడ ఏం చేస్తున్నారు?" అని కోప్పడతారు. ఇంటి ముందు బండి ఆపి ఆ మూడు నాలుగు నిమిషాలు వారు చేసే పని ఒక్కోసారి దారి పొడవునా ప్రాణాన్ని నిలబెడుతుంది.

వీరు డాక్టర్లు కారు. జబ్బును పూర్తిగా నయం చేయడం వారి పని కాదు. రోగి ఆసుపత్రికి చేరేవరకు శ్వాస ఆగకుండా, రక్తం పోకుండా, ఉన్న దెబ్బ ఎక్కువ కాకుండా చూడడం వారి బాధ్యత. సందేహం వస్తే కాల్ సెంటరులోని డాక్టరుతో ఫోనులో మాట్లాడి, వారి సూచన ప్రకారం నడుచుకొంటారు. గుండె ఆగిపోతే 4 నుండి 6 నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఇంత తక్కువ వ్యవధిలో డాక్టరు దగ్గరకు చేరడం దాదాపు అసాధ్యం. అందుకే డాక్టరు కంటే ముందు రోగిని తాకే చేతులకు శిక్షణ అవసరమైంది.

ఈ చదువు ఎలా మొదలైంది?

ఒకప్పుడు అన్ని దేశాలలోను అంబులెన్సు అంటే మనిషిని పడుకోబెట్టి మోసుకొనిపోయే బండి మాత్రమే. అమెరికాలో సైతం చాలా ఊళ్లలో శవాలను తీసుకొనిపోయే అంత్యక్రియల బండ్లనే రోగులకూ వాడేవారు. 1966లో అక్కడి శాస్త్రవేత్తల సంఘం ఒక నివేదికలో, ప్రమాదాలలో గాయపడినవారు సరైన సంరక్షణ లేక దారిలోనే చనిపోతున్నారని హెచ్చరించింది. ఆ తర్వాతే అంబులెన్సు సిబ్బందికి ఒక క్రమమైన పాఠ్యప్రణాళిక తయారయింది.

అదే కాలంలో, 1967లో, పిట్స్‌బర్గ్ నగరంలో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సేవ మొదలైంది. గుండె, శ్వాస ఆగినవారిని బ్రతికించే సి.పి.ఆర్. పద్ధతికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన డాక్టర్ పీటర్ సాఫర్, పని దొరకని పేద నల్లజాతి యువకులను తీసుకొని సుమారు 300 గంటల శిక్షణ ఇప్పించారు. వారిలో కొందరు హైస్కూలు కూడా పూర్తి చేయనివారు. ఆ యువకులే తర్వాత ఎన్నో ప్రాణాలు నిలబెట్టి ఇతర నగరాలకు ఆదర్శమయ్యారు. పేదింటి పిల్లలు ఈ విద్య నేర్వలేరని ఎవరైనా అంటే నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఇ.ఎమ్.ఆర్.ఐ. సంస్థ 108 సేవలను ప్రారంభించింది. తర్వాత ఈ నెంబరు అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. 2007లో అదే సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం సహకారంతో రెండేళ్ల పారామెడిక్ కోర్సును కూడా మొదలుపెట్టింది. ఇలా మన తెలుగు నేల మీద ఈ వృత్తి నిలదొక్కుకొంది.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

కోర్సు చిన్నదైనా పెద్దదైనా ఈ అంశాలు తప్పక ఉండాలి.

1. ముందు తన భద్రత: రోడ్డు మీద వాహనాలు, తెగిన కరెంటు తీగ, గ్యాసు, పురుగుమందు వీటిని చూసుకోకుండా పరుగెత్తిన సహాయకుడు రెండవ రోగి అవుతాడు. మొదటి పాఠం ఇదే.

2. వరుసగా పరీక్షించడం: శ్వాసమార్గం తెరచుకొని ఉందా, శ్వాస ఆడుతోందా, నాడి కొట్టుకొంటోందా, రక్తం పోతోందా అని ఒక క్రమంలో చూడాలి. ఎంత గందరగోళంలోనైనా ఈ క్రమం తప్పకూడదు.

3. సి.పి.ఆర్.: పెద్దవారికి ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతు (6 దాటకుండా), నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. ప్రతి 30 నొక్కుళ్లకు 2 శ్వాసలు ఇవ్వాలి. దీనిని బొమ్మ మీద మోకాళ్లు నొప్పి పుట్టేవరకు సాధన చేయిస్తారు. గుండెకు షాక్ ఇచ్చే ఎ.ఇ.డి. యంత్రం వాడకం కూడా దీనితోపాటే నేర్పుతారు.

4. గాయాలు, ఎముకలు: రక్తస్రావం ఆపడం, విరిగిన ఎముకకు బద్దలు కట్టడం, మెడకు కాలరు వేయడం, వెన్నెముక కదలకుండా బోర్డు మీదకు ఎక్కించడం. ఆటోలో కూలేసి తెచ్చినందువల్ల కాళ్లు చచ్చుబడిన రోగిని నేను చూశాను. ఈ పాఠం విలువ నాకు బాగా తెలుసు.

5. పాముకాటు, పురుగుమందు: కాటు వేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, బిగుతుగా తాడు కట్టకూడదు. కాలు చేయి కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పురుగుమందు తాగినవారికి బలవంతంగా వాంతి చేయించకూడదు. చేతికి గ్లౌజులు వేసుకొని, మందు పడిన బట్టలు తీసివేసి, ఒళ్లు కడగాలి.

6. బండిలోనే కాన్పు: పుట్టిన బిడ్డను తుడిచి, తల్లి రొమ్ము మీద వెచ్చగా ఉంచడం, బొడ్డుతాడుకు రెండు చోట్ల క్లిప్పులు వేసి మధ్యలో కత్తిరించడం, తల్లికి రక్తం ఎక్కువ పోతోందేమో గమనించడం.

7. పలువురికి దెబ్బలు తగిలినపుడు: ఎవరిని ముందు పంపాలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుర్తులతో విభజించడం. గట్టిగా అరిచేవారి కంటే కదలక పడి ఉన్నవారి పరిస్థితి ప్రమాదకరం కావచ్చు.

8. అప్పగింత: రోగిని ఎన్ని గంటలకు చూశారు, నాడి, బి.పి., ఆక్సిజన్ ఎంత ఉన్నాయి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు అన్నది కాగితం మీద రాసి, క్యాజువాలిటీలో నోటితో కూడా చెప్పాలి. సమయాలు సరిగ్గా రాసిన ఒక్క చీటీ మాకు చాలా మేలు చేస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో రక్తపు గడ్డ కరిగించే మందును నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి కాబట్టి, నోరు వంకర తిరిగిన సమయం తెలియకపోతే డాక్టరు చేతులు కట్టివేసినట్లే అవుతుంది.

కోర్సులు ఎన్ని రకాలు?

మొదటి రకం ఒకటి రెండు రోజుల శిక్షణ. సి.పి.ఆర్. వంటివి నేర్పే బి.ఎల్.ఎస్. ఇటువంటిదే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే ఈ సర్టిఫికెట్టు రెండేళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ నేర్చుకోవాలి. ఇది చాలా మంచి శిక్షణే గాని, దీనితో ఎవరూ ఇ.ఎమ్.టి. కాలేరు. దీనినే పెద్ద కోర్సుగా చూపించి డబ్బు తీసుకొనేవారు ఉన్నారు, జాగ్రత్త.

రెండవ రకం కొన్ని నెలల నైపుణ్య శిక్షణ. కేంద్ర ప్రభుత్వ నైపుణ్యాభివృద్ధి పథకాల కింద ఇ.ఎమ్.టి. బేసిక్ అనే కోర్సు ఉంది. దీనికి సాధారణంగా ఇంటర్మీడియట్ చదివి ఉండాలి.

మూడవ రకం డిప్లొమా, డిగ్రీ కోర్సులు. ఇక్కడ 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టాన్ని తెలుసుకోవాలి. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు వృత్తి కూడా ఆ చట్టం పట్టికలో ఉంది. ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు అనిపించుకోవాలంటే రెండు నుండి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుల డిగ్రీకైతే మూడు నుండి ఆరేళ్లలో కనీసం 3,600 గంటలు ఉండాలి. కరపత్రంలోని మూడు నెలలను ఈ గంటల పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

మరొక దారి కూడా ఉంది. 108 సేవలో ఇ.ఎమ్.టి. ఉద్యోగాలకు జీవశాస్త్రంతో బి.ఎస్సీ., నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ వంటి చదువులు చదివినవారిని తీసుకొని, తర్వాత వారికి సంస్థే శిక్షణ ఇవ్వడం జరుగుతూ వచ్చింది. అర్హతలు నోటిఫికేషనును బట్టి మారుతుంటాయి కాబట్టి, తాజా నోటిఫికేషను చదివిన తర్వాతే కోర్సు ఎంచుకోవాలి.

ఫీజు కట్టే ముందు అడగండి

1. ఈ కోర్సుకు ఏ విశ్వవిద్యాలయం, ఏ బోర్డు గుర్తింపు ఉంది? ఆ ఉత్తర్వు కాగితాన్ని చూపించగలరా? అదే పేరును బోర్డు కార్యాలయంలో కూడా విచారించండి.

2. ఏ ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎన్ని గంటలు, ఏ అంబులెన్సులో ఎన్ని గంటలు పనిచేయిస్తారు? ఆ ఆసుపత్రితో ఒప్పందం కాగితం ఉందా?

3. సి.పి.ఆర్. బొమ్మలు, స్పైన్ బోర్డు, సక్షన్ యంత్రం, అంబు బ్యాగు ఉన్న గదిని కళ్లారా చూపిస్తారా?

4. పాఠాలు చెప్పేవారు ఎవరు? వారు ఎమర్జెన్సీలో పనిచేసినవారేనా?

5. మధ్యలో మానుకొంటే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు? పదవ తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి దగ్గర పెట్టుకొంటారా? ఒరిజినల్స్ అడిగితే ఇవ్వకండి, జిరాక్సులు చాలు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి.

ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా అంటే, ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. చాలాసార్లు అక్కడితోనే సంగతి తేలిపోతుంది.

ఈ పని ఎవరికి సరిపోతుంది?

రక్తం చూసి మొదటిసారి కళ్లు తిరిగినంత మాత్రాన పనికిరామని అనుకోవద్దు, నర్సింగు మొదటి సంవత్సరంలో నాకూ తిరిగాయి. అలవాటవుతుంది. కాని కొన్ని సంగతులు ఇంట్లో అందరూ ముందే తెలుసుకోవాలి. రాత్రి డ్యూటీలు, పండుగ డ్యూటీలు తప్పవు. బరువైన రోగులను మెట్ల మీద నుండి దించాలి. చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయి, మొదట్లో జీతం పెద్దగా ఉండదు. ఎంత ప్రయత్నించినా కొందరు దారిలోనే చనిపోతారు, ఆ రోజు ఇంటికి వచ్చిన పిల్లలతో కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. చేరకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ధనుర్వాతం టీకా వేయించండి. ఆడపిల్లలు కూడా ఈ పని చక్కగా చేస్తున్నారు. బండిలో కాన్పు అయ్యే తల్లికి వారు ఉంటే ఎంతో ధైర్యం.

కోర్సు చదవని మనం ఏమి చేయవచ్చు?

108కి ఫోను చేసినపుడు ఊరు, వీధి, దగ్గరలోని గుడి, బడి లేక చర్చి గుర్తు, ఎంతమందికి ఏమైంది, శ్వాస ఉందా లేదా చెప్పండి. వారు పెట్టేయమనేవరకు ఫోను పెట్టవద్దు. మనిషి పిలిచినా పలకక, శ్వాస సరిగా లేకపోతే శిక్షణ లేనివారు కూడా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండవచ్చు. రాత్రయితే వీధి మొదట్లో ఒకరు టార్చిలైటుతో నిలబడండి. రోగి వాడే మందుల చీటీ చేతిలో ఉంచుకోండి. ఇ.ఎమ్.టి. అడిగినవాటికి ఓపికగా జవాబివ్వండి.

ఆ తల్లి నెల తర్వాత భర్తను చెకప్‌కు తీసుకొచ్చినపుడు చిన్నోడు కూడా వచ్చాడు. ఈ ప్రశ్నలు రాసుకొని కరపత్రంలోని చోటుకు వెళ్లాడట. ఆసుపత్రి ఒప్పందం కాగితం అడిగితే రేపు రమ్మన్నారు, రేపు వెళితే ఎల్లుండి అన్నారు. మూడవ రోజు ఇక వెళ్లలేదు. ఇప్పుడు గుర్తింపు ఉన్న డిప్లొమా కోసం దరఖాస్తు పెట్టాడు. "ఏడాది ఎక్కువ పట్టినా సరే సిస్టర్, ఆ రోజు నాన్న ఛాతీ మీద చేయి వేసిన అన్నయ్యకు ఏమి చేయాలో తెలుసు. నాకూ అలా తెలియాలి" అన్నాడు. వాళ్లమ్మ చేతికి గాజులు అలాగే ఉన్నాయి.