గాలికాలానికి ముందు ఇల్లు

చలి దేశాలలో శీతకాలం సమీపిస్తున్నదనగానే గృహస్థులు ఇంటి వెలుపలి భాగాన్ని సిద్ధపరచుకొంటారు. గోడల పగుళ్లు పూడుస్తారు; పేరుకొనబోయే మంచు బరువుకు కప్పు ఆగుతుందో లేదో పరీక్షిస్తారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలతో కూడిన ఉద్దానంలో మంచుగడ్డల భయం లేదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ తీరభూమికి ‘ఉద్యానవనం’ అనే మాట నుండియే ఆ పేరు ఏర్పడిందని చెబుతారు. అయితే ఇక్కడ చలికాలానికి ముందు గాలికాలం వస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను పొరుగున ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. మరుసటి సంవత్సరం సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11 వేకువన, దసరా నవరాత్రుల రెండవ నాడు, తిత్లీ నేరుగా పలాస సమీపంలోనే తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక! ఆ సుకుమారమైన పేరు గల తుపాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో వీచి, తరాల నాటి కొబ్బరిచెట్లను వేళ్లతో పెకలించింది. 2021లో గులాబ్ ఇంకా ముందుగా, సెప్టెంబరు 26నే, కళింగపట్నం వద్ద తీరం చేరింది. దసరాకు ఇల్లు దులిపి సున్నం వేయడం మన ఆచారం. ఈ తీరంలో కప్పు పని అంతకన్న ముందే, భాద్రపదం తొలిదినాలలోనే ముగియాలి.

గాలి ఇంటిని తోసి పడగొడుతుందని మనం భావిస్తాము. వాస్తవానికి అది కప్పును పైకి లాగుతుంది. కప్పు మీదుగా వేగంగా సాగే గాలి వలన అక్కడ పీడనం తగ్గుతుంది. తెరచిన తలుపు గుండా లోపలికి చొచ్చిన గాలి క్రిందినుండి ఎత్తుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువుతో సమానమైన బలాన్ని చూపగలదు. అంతే వైశాల్యం గల సిమెంటు రేకు బరువు 20 కిలోలైనా ఉండదు. కనుక బరువును నమ్ముకొనుట వ్యర్థం, కట్టును నమ్ముకోవాలి. రేకుల మీద రాళ్లు పేర్చడం పలుచోట్ల కనిపించే అలవాటు. అది రక్షణ కాదు, అపాయం. రేకు లేచిననాడు ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేము.

కప్పు ఊడడం నడుమ నుండి కాదు, అంచుల నుండి, మూలల నుండి మొదలవుతుంది. అందుచేత చూరు దగ్గర రేకు కొక్కేలను దగ్గరదగ్గరగా బిగించాలి. తుప్పుపట్టిన వాటిని మార్చాలి. పెంకుటింటికి అంచు వరుసలను సున్నంతోగాని సిమెంటుతోగాని అతికించాలి. వరండా కప్పు ఇంటి కప్పుతో ఏకంగా సాగితే గాలి వరండా క్రింద దూరి మొత్తాన్ని ఎత్తుతుంది. వరండాకు వేరుగా కప్పు వేస్తే, పోయినా అది ఒక్కటే పోతుంది.

ఈ సూత్రాన్ని ఉత్తరాంధ్ర తీరవాసులు ఇంజనీరింగు గ్రంథాలు చదవకుండానే గ్రహించారు. వారి చుట్టిల్లు అందుకు సాక్ష్యం. గుండ్రని మట్టిగోడ, దానిమీద గొడుగువలె వాలి దాదాపు నేలను తాకే తాటాకు కప్పు. గాలికి పట్టు దొరికే మూల అందులో లేదు. నేడు అటువంటి ఇళ్లు బహు అరుదు. తాటాకు ఇంటిలో నివసించేవారు ఏటా కొత్త ఆకు నేయించి, పైన పాత చేపల వలను పరచి, తాళ్లను నాలుగు వైపులా గుంజలకు బిగించడం మేలు. ఒక వైపు చాలదా అని అడగవచ్చు. తుపాను కన్ను దాటిన తరువాత గాలి ఎదురు దిక్కునుండి వీస్తుంది.

అన్నిటికంటె కష్టమైనది పెరటి చెట్టు సంగతి. ఎండుమట్టలు దించడానికి, ముదురుకాయలు కోయడానికి ఎవరూ వెనుదీయరు. కాని గోడ ప్రక్కన ఇంటిమీదికి వాలిన కొబ్బరిచెట్టును కొట్టివేయుమంటే యజమాని చేయి ఆడదు. ఉద్దానంలో చెట్టు అలంకారం కాదు, జీవనాధారం. కన్నబిడ్డవలె పెంచిన చెట్టును కూల్చడమా, దాని క్రింద కన్నబిడ్డలను నిద్రింపజేయడమా? తిత్లీ రాకముందు ఈ ప్రశ్నను వాయిదా వేయగలిగారు. నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి సుమారు 5 నుండి 7 ఏళ్లు పడుతుంది. 2018 తరువాత పడిన చెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఇప్పుడు కాపుపట్టే ఈడుకు వచ్చాయి. పెరిగిన చెట్టు 20 మీటర్లకు మించుతుంది. గోడకు, మొక్కకు నడుమ అంతటి దూరం విడిచిన ఇంట, గాలికాలపు పనులలో మిక్కిలి బాధాకరమైనది తప్పిపోయినట్లే.