ప్రకృతి సన్నిధిని సహధ్యానము

మనుష్యుడు ప్రకృతిని రెండు విధములుగా చూచుచున్నాడు. దాని వలన తన కేమి లభించునో లెక్కించు చూపు మొదటిది. ఈ చూపు గూడూరు సీమవారికి క్రొత్తది కాదు. సైదాపురపు నేలను త్రవ్వి, జనులు కాకిబంగారమని పిలుచు అభ్రకమును వెలికి దీసితిమి. నిమ్మతోటలు నాటి కాయలను దూరపు సంతలకు పంపుచున్నాము. తీరమున రొయ్యల గుంటలు త్రవ్వితిమి. ఇవి బ్రతుకుతెరువులు గనుక వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. ప్రకృతిలో తానును ఒక భాగమని యెఱిగి, దాని యెదుట కొంతసేపు ఏమియు కోరక యూరకుండు చూపు రెండవది. ఈ రెండవ చూపు అభ్యాసము కానిచో మొదటి చూపునకు హద్దు తెలియదు. దీనిని పలువురు కలిసి అభ్యసించుట యెట్లను విషయమే యీ పాఠము.

ఏకాంతధ్యానము చాలదా యని కొంద ఱడుగవచ్చును. ఏకాంతమునకు విలువ గలదు. కాని ఒంటరివాడు తన మనోవికారమునే ప్రకృతివాక్యముగా భ్రమించుట సులభము. ఒక సాక్షి చూడనిదానిని మఱియొక సాక్షి చూచునని న్యాయస్థానముల మెట్లెక్కినవా రెల్లరు నెఱుగుదురు. చెఱువుగట్టున పదిమంది కూర్చున్నప్పుడు ఒకరు నీటిరంగును, ఒకరు గాలి మళ్లుటను, ఒకరు పక్షి తన పిల్లకు మేత పెట్టుటను గమనింతురు. అందఱి చూపులు కలిసిననే సత్యము కొంత నిండుగా గోచరించును.

దేవేంద్రనాథ ఠాకూరు చరిత్ర యిందులకు తార్కాణము. ఆయన 1863లో వంగదేశమున బోలుపురము చేరువను కొంత నేల సంపాదించి, అచ్చట ఏడాకులపాల చెట్ల నీడను ధ్యానము చేయుచుండెను. ఆ నీడను ఆయన తనకే యుంచుకొనలేదు. 1888లో ధర్మకర్తృత్వపత్రము వ్రాసి ఆ స్థలమును నిరాకారేశ్వరుని ఉపాసించువారి కెల్ల విడిచెను. 1901లో ఆయన కుమారుడు రవీంద్రనాథు డచ్చటనే పాఠశాల పెట్టి చెట్లక్రింద చదువు చెప్పించెను. 1928లో వృక్షారోపణోత్సవము మొదలిడెను. ఒక్కని నీడ పలువురి పాఠశాలయై, పాఠశాల చెట్లు నాటు సమాజ మాయెను.

ఇక ముఖ్యప్రశ్న: ఆ పలువు రెవరు? సూర్యుడు కులమడిగి ప్రకాశింపడని యుపన్యాసములలో చెప్పుచుందుము. నిజమే, కాని చెఱువులను, బావులను, ఊరిబయటి చెట్లనీడలను కులము పేర పంచిపెట్టినది మనుష్యుడే. 1830లో రామమోహనరాయలు తమ సభామందిరపు ధర్మకర్తృత్వపత్రమున భేదము లేక సర్వవిధజనులకును ప్రవేశము కల్పించిరి. అటుపిమ్మట దాదాపు నూఱేండ్లకు, 1927 మార్చి 20వ తేదిని, మహాడు పట్టణపు చౌదారు చెఱువునీటిని దోసిలితో త్రాగుటకు అంబేద్కరు మహాశయుడును ఆయన వెంట వచ్చిన వేలజనులును ఉద్యమము చేయవలసి వచ్చినది. 1950 జనవరి 26వ తేదిని అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ యధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు, త్రోవలు మున్నగు సార్వజనిక స్థలముల విషయమున కులమత లింగభేదములు చూపి యెవరిని అడ్డగింపరాదని శాసించినది.

చట్టము ద్వారము తెఱచినది. ప్రక్కన కూర్చుండబెట్టుట మాత్రము చట్టమునకు సాధ్యము కాదు. అది మన పని. ఒక గట్టుననే రెండు పంక్తులుగా కూర్చుండి కన్నులు మూసికొన్నచో అది విహారమగును గాని ధ్యానము కానేరదు.

మన సీమలో యీ పాఠమునకు సహజగురువు లున్నారు. యానాదులు తరతరములుగా శ్రీహరికోట అడవులలో తేనె, దుంపలు, మూలికలు సేకరించి జీవించినవారు. 1971లో ఆ ద్వీపమునుండి తొలి రాకెట్టు ఎగసెను. ఆ కేంద్రమునకై వారిలో అనేకులు తమ పల్లెలను విడువవలసి వచ్చెను. వెన్నెలకంటి రాఘవయ్య గారు తమ జీవితమున పెద్దభాగమును యానాదుల సేవకు వినియోగించిరి. ఏ ఆకు ఏ నొప్పికి పనికివచ్చునో, ఏ గాలికి చేప యెటు పోవునో యెఱిగిన వృద్ధుడు గోష్ఠిలో వెనుక నిలుచుండి, పుస్తకములలో చదివినవారు ముందు కూర్చుండి బోధించుట తలక్రిందులైన వ్యవహారము. అట్టివారిని పిలువవలసినది వినుటకు కాదు, చెప్పుటకు. వారి దినము వ్యర్థము కాకుండ గోష్ఠివారు ఆనాటి కూలి చెల్లింపవలెను.

కలిసి నీటియొద్ద నిలుచుట మనవారికి తెలియని సంగతి కాదు. నెల్లూరున బారాషహీదు దర్గా చెంత, స్వర్ణాల చెఱువునీట, మొహరము దినములలో హిందువులును మహమ్మదీయులును ఎదురెదురుగా నిలిచి కోరికల రొట్టెలు ఇచ్చి పుచ్చుకొందురు. మదనపల్లె ప్రాంతపు ఋషిలోయ పాఠశాలలో విద్యార్థులు సాయంకాలము ఒకచోట చేరి మౌనముగా సూర్యాస్తమయమును చూచు అలవాటును అస్తాచలమని పిలుతురు. మొదటిదానిలో అందఱి ప్రవేశ మున్నది. రెండవదానిలో మౌనశిక్ష యున్నది. ఈ రెండును ఒకచోట కూడవలెనని మా కోరిక.

అభ్యాసక్రమ మిది. మొదట, కూలి చెడని వేళను, వృద్ధులును కుంటివారును చేరగల స్థలమును ఎన్నుకొనవలెను. రెండవది, పీఠములు లేక అందఱును నేలమీదనే గుండ్రముగా కూర్చుండవలెను. నేలమీద కూర్చుండలేనివారికి ఆసన మిచ్చి వారిని ఆ వలయమునందే యుంచవలెను. మూడవది, అరగంట మౌనము. చూపులేనివారు ధ్వనులను, వినికిడి లేనివారు కదలికలను గమనింతురుగాక. నాల్గవది, ఒక్కొక్కరు తాము గమనించిన ఒక్క విషయమును మాత్రము చెప్పవలెను; స్త్రీలును బాలురును ముందు, ఉపన్యాసముల కలవాటుపడినవారు కడపట. అయిదవది, ప్రతివాడును తన మార్గమున ఈశ్వరుని స్మరించుకొనవలెను; ఇతరుల మార్గమును దూషింపరాదు. ఆఱవది, లేచుటకు ముందు ఏదైన నొక పని చేయవలెను: గట్టున చెత్త యెత్తుటయో, మొక్కకు నీరు పోయుటయో.

ఇది జడప్రకృతిని పూజించుట కాదా యని కొందఱు శంకింతురు. ఉత్తరమును ప్రేమతో చదువువాడు కాగితమును పూజించుచున్నాడని యెవరు నందురు? చదువురానివారు చేరినచో గంభీరత చెడునని మఱికొందఱి భయము. మౌనమునకు చదువుతో పనిలేదు. వాదములతో మౌనమును భంగపఱుచునది తఱచుగా మన వంటివారే.

కడపటి నియమ మొకటి: మన ధ్యానమువలన మఱియొక ప్రాణికి బాధ కలుగరాదు. గూడూరునకు దక్షిణమున, దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెఱువు 1976లో పక్షిరక్షితస్థల మాయెను. గూడబాతులును నత్తగుల్లకొంగలును అచ్చట నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టును. పులికాటు సరస్సున రాజహంసలు వ్రాలును. 2001 నుండి ఆ ప్రాంతమున పక్షుల పండుగ జరుపబడుచు వచ్చినది. జనులు వచ్చుట మంచిదే. గూళ్లచెంత కేకలు వేసి తల్లిపక్షులను లేపుట మంచిది కాదు. చెన్నపట్టణమునకు దక్షిణమున వేడంతాంగలు రైతులు తమ చెఱువుపక్షులను వేటగాండ్రనుండి కాపాడుకొనుటకై 1798లోనే చెంగల్పట్టు కలెక్టరునుండి కౌలు పొందిరి. పక్షుల రెట్టతో సారవంతమైన నీరు వారి పొలములకు ఎరువైనది. పక్షి క్షేమమును తమ క్షేమమును ఒక్కటేయని ఆ రైతులు కనుగొనిరి. ధ్యానముచే మనము చేరవలసిన తలంపు నదియే.

చదువరులు తమ గోష్ఠి ముగిసిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. నేడు నా కింతకుముందు తెలియని దేనిని, ఎవరివలన నేర్చుకొంటిని? ఈ చెఱువున కేమి తిరిగి యిచ్చితిని? మా వలయమున నేడు ఎవరు లేరు, ఎందులకు రాలేదు? మూడవదానికి ఉత్తరము వెదకుటకై మఱునాడు ఒక యింటి వాకిటికి నడచి పోవలసివచ్చును. ఆ నడకయు ధ్యానములోనిదే.