28 గేజ్ తుపాకికి గొట్టం ఎంత పొడవుండాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో పూరేడు పిట్టల వేటకు 28 గేజ్ డబుల్ బ్యారెల్ కొనాలనుకుంటున్నాను. గొట్టం 26 అంగుళాలా, 28 అంగుళాలా?

జవాబు: 28 తీసుకోండి. పొడవు పెరిగితే దెబ్బ గట్టిగా తగులుతుందన్నది నిజం కాదు. ఇప్పటి మందు గొట్టం చివరిదాకా రాకముందే దాదాపు కాలిపోతుంది. రెండంగుళాలతో గుళ్ల వేగంలో వచ్చే తేడా లెక్కలోకి రాదు. చూడాల్సింది బరువు. 28 గేజ్ తుపాకులు చాలావరకు మూడు కిలోల లోపే ఉంటాయి. అంత తేలిక తుపాకికి గొట్టం పొట్టిదైతే చటుక్కున లేస్తుంది, అంతే చటుక్కున ఆగిపోతుంది. గుళ్లు పిట్ట వెనక్కి పోతాయి. ముందువైపు కాస్త బరువుంటే చెయ్యి సాగుతూనే ఉంటుంది. దట్టమైన పొదల్లో, కుక్క ముందే లేచిన పిట్టను దగ్గర్నుంచి కాల్చేవారికైతే 26 నయం. కొనేముందు తుపాకి మడిచి, ఖాళీగా ఉందని చూసుకుని భుజానికెత్తండి. చెంప ఆనగానే కన్ను నేరుగా గొట్టాల మధ్య పట్టీ మీదికి రాకపోతే, ముందుగా తుపాకి వెనక కర్ర సరిచేయించండి.