చానల్ మార్చే ముందు



సాయంకాల జపం ముగించుకొని ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటారు. వార్తల మధ్యలో ఎయిడ్స్ నివారణ ప్రకటన వస్తుంది. తండ్రి చేయి రిమోట్ మీదికి పోతుంది. తల్లి వంటింట్లోకి లేస్తుంది. పిల్లలు నేల చూపులు చూస్తారు. ఆ అర నిమిషంలో వారు నేర్చుకునేది ఒక్కటే: ఇది మన ఇంట్లో మాట్లాడకూడని సంగతి. ఇక వారు ఎవరిని అడుగుతారు? స్నేహితుణ్ణి, లేదా చేతిలోని ఫోనును.

సుమారు 20 ఏళ్ల క్రితం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అనే ప్రశ్న హోర్డింగుల మీదా టీవీలోనూ కనిపించడం పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా ఊరించడమే దాని ఎత్తుగడ. అది పారింది. నలుగురు కూడిన చోట నోరెత్తని మాట జనం నోళ్లలో నానింది. కాని ఆ ప్రశ్న పులిరాజా గురించే గాని ఇంట్లో ఉన్న అతని భార్య గురించి కాదు. భర్తను తప్ప పరపురుషుణ్ణి ఎరుగని ఇల్లాళ్లకు కూడా ఈ వైరస్ సోకింది. రోగి అంటే పులిరాజాయే అనుకున్న లోకం ఆ నిందను వారి మీదా వేసింది. ప్రచారం భయాన్ని నేర్పినంత త్వరగా వివేకాన్ని నేర్పలేదని నా అభిప్రాయం.

కథ ఆ పనిని మరికొంత చక్కగా చేస్తుంది. 2002లో దూరదర్శన్‌లో మొదలైన 'జాసూస్ విజయ్' అనే హిందీ ధారావాహికను బి.బి.సి. వరల్డ్ సర్వీస్ ట్రస్ట్, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి రూపొందించాయి. అందులో నేరాలను ఛేదించే కథానాయకుడే హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవాడు. మెచ్చుకున్న మనిషికే ఆ వ్యాధి ఉందని తెలిసినప్పుడు అసహ్యించుకోవడం అంత సులభం కాదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. "ఆ ప్రకటనల్లో నిరోధ్ గురించి కూడా చెబుతారు కదా, ఫాదర్?" నిజమే. వివాహానికి ముందు శుద్ధత, వివాహంలో విశ్వాసపాత్రత అన్నది శ్రీసభ బోధ. దానిని పిల్లలకు చెప్పవలసింది తల్లిదండ్రులే, ప్రకటన కాదు. కాని ఆ ఒక్క మాట కోసం మిగిలిన సత్యాన్ని కూడా ఇంటి బయటే నిలిపివేయడం న్యాయం కాదు. టీవీ కట్టేసి మీరైనా చెప్పాలి గదా!

ఏమి చెప్పాలి? లైంగిక సంబంధం, కలుషిత రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుండి బిడ్డకు: ఇవీ మార్గాలు. కరచాలనం, ఒకే కంచంలో భోజనం, దోమకాటు, దగ్గు వల్ల రాదు. చికిత్స లేకుంటే 100 మంది తల్లులలో 15 నుండి 45 మంది బిడ్డలకు వైరస్ సోకవచ్చు. చికిత్సతో 5 కంటే తక్కువకు తగ్గించవచ్చు. గర్భవతులకు పరీక్ష అందుకే. ప్రభుత్వ కేంద్రాలలో ఏ.ఆర్.టి. మందులు 2004 నుండి ఉచితం. వాటిని క్రమం తప్పక వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుండి లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ సంగతి మన విచారణల్లో ఎందరికి తెలుసు?

ఇక ఇంటర్నెట్. సిగ్గుపడే యువకుడు ఎవరికీ ముఖం చూపకుండా అక్కడ అడగగలడు, అది మేలే. అయితే అదే ఫోనులో "40 రోజుల్లో ఎయిడ్స్ మాయం" అనే మూలికల వ్యాపారి కూడా ఉంటాడు. వ్యాధిని అదుపులో ఉంచే మందులున్నాయి గాని, పూర్తిగా నిర్మూలించే మాత్ర నేటికీ లేదు. అలాంటి కబురును నమ్మి ఏ.ఆర్.టి. మానేస్తే ప్రాణానికే ముప్పు. కుటుంబ గ్రూపులో అటువంటిది కనబడితే ఇతరులకు పంపకండి. పంపినవారికి విడిగా ఫోన్ చేసి చెప్పండి.

సందేహమున్నవారు 1097కు ఫోన్ చేయవచ్చు. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ అది, ఖర్చు లేదు. పరీక్ష ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షలో బయటపడకపోవచ్చు గనుక, సలహాదారు మళ్లీ రమ్మన్న తేదీకి తప్పక వెళ్లాలి.