సముద్రతీరపు పెరటితోట

తీరగ్రామములలో ఇల్లు కట్టుకొనువారిలో పలువురు మొట్టమొదట స్థలమందలి ఇసుకదిబ్బను చదునుచేసి, దానిపైనున్న తీగలను, పొదలను పెరికివేయుదురు. పిమ్మట దూరదేశపు పూలమొక్కలను తెచ్చి నాటుదురు. ఒక వేసవి గడచునప్పటికి ఆ మొక్కల యాకులు మాడును. ఇసుక వాకిటిలోనికి కొట్టుకొనివచ్చును. కొన్ని యేండ్లకు నూతినీరు ఉప్పనగును. ఈ మూడు నష్టములకును మూల మొక్కటియే.

బాపట్ల, చీరాల ప్రాంతముల ఇసుకభూములలో రైతులు దొరువులు త్రవ్వి, కడవలతో నీరు పోసి పైరులు పెంచుట మన మెరిగినదే. సముద్రము చెంత ఆ మంచినీ రెట్లు కలిగెను? వాననీరు ఇసుకలో నింకి, ఉప్పునీటికంటె తేలిక యగుటచే దానిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన మంచినీరు 1 అడుగు నిలిచినచో, క్రింద సుమారు 40 అడుగులవరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. కావున పైమట్టము 1 అడుగు తగ్గెనేని, అడుగున ఉప్పునీరు క్రమముగా 40 అడుగులు పైకి జరుగుటకు దారి యేర్పడును. దిబ్బ యీ నీటికి గాదె వంటిది. దిబ్బను త్రవ్వుట గాదెను పడగొట్టుట. నీరు మెండుగా కోరు మొక్కలను పెంచి, యంత్రముతో రేయింబవళ్లు తోడుట గాదెను ఊడ్చివేయుట.

నాటు మొక్కలను సముద్రమువైపునుండి ఇంటివైపునకు వరుసగా నుంచవలెను.

1. సముద్రమున కెదురుగా మేకడెక్కవంటి యాకులు, ఊదాపూవులు గల బలబండతీగయు, రావణాసురుని మీసమను ముండ్లగడ్డియు నుండవలెను. ఇసుక కప్పినకొలది ఇవి కణుపులవద్ద వేళ్లు తన్ని పైకి వచ్చును. వీనిని చాలచోట్ల నాటనక్కరలేదు, పెరుకకున్న చాలును.

2. వాని వెనుక మొగలి, వావిలి. మొగలిపిలకలను విరిచి నాటవచ్చును. దాని ఊడలు ఇసుకను పట్టియుంచును. ఒడిషాలోని గంజాం జిల్లాలో మొగలిపూవుల నుండి అత్తరు తీయుదురు; అందులకు మగచెట్ల పూవులే పనికివచ్చును.

3. పిదప తాటి, పొన్న, గంగరావి, కానుగ. తాటి ఆకు కప్పునకును, దూలము ఇంటికిని ఉపయోగించును. పొన్నకలప పడవల కనుకూలము. కానుగరొట్ట వరిమడికి ఎరువు.

4. ఈ చాటున, ఇంటిచెంత, వేప, మునగ, కరివేప, నందివర్ధనము, గోరింట పెంచవచ్చును. స్నానపునీరు పారుచోట అరటి నాటినయెడల దానికై వేరుగా నీరు తోడ నక్కరలేదు.

ఎత్తయిన గోడ యిన్ని మొక్కలకు బదులు కాజాలదా యని కొందరడుగుదురు. గాలి గోడ నెక్కి, ఆవలిప్రక్క సుడులు తిరుగుచు పడును. చెట్లవరుస జల్లెడవలె గాలిని వడగట్టి, దాని వేగము తగ్గించును. తన యెత్తునకు పదిరెట్ల దూరమువరకును చాటు కలుగజేయును. సరుగుడు వంటచెరకునకు లాభకరమే. కాని యది బయటినుండి వచ్చిన చెట్టు; దాని క్రింద రాలిన పుల్లలు దట్టముగా పరచుకొని ఇతర మొక్కలను ఎదుగనీయవు. దానిని పొలమున పెంచుడు. దిబ్బమీది తీగలను తీసి అచ్చట నాటకుడు.

తొలకరివానలకు నేల బాగుగ తడిసిన పిమ్మట నాటవలెను. 2 అడుగుల గోతిలో చెరువు ఒండ్రుమట్టియు, మాగిన పశువుల యెరువును ఇసుకతో కలిపి నింపవలెను. సముద్రమువైపు తాటాకు దడి కట్టి, మొదట ఎండుటాకులు పరచి, రెండు వేసవులు కడవతో నీరు పోయవలెను. తాటిటెంకను ఉండవలసినచోటనే పాతవలెను. మొలక లోతునకు దిగును గనుక తీసి వేరొకచోట నాటుటకు వీలుపడదు. పొన్నగింజ పెంకును మెల్లగా చిట్లించినచో త్వరగా మొలచును.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది జనులు మరణించిరి. అట్టి ఉప్పెనను పెరటిచెట్లు నిలుపగలవని మేము చెప్పము. హెచ్చరిక వచ్చినతోడనే ఇల్లు విడిచి తుపాను ఆశ్రయమునకు పోవలసినదే. ఏటేట వచ్చు ఉప్పుగాలిని, ఇసుకమేటను మాత్రము ఈ వరుసలు చాలవరకు తగ్గించును.

ఇది ఒక్క యింటివలన నగు పని కాదు. ఒకరు దిబ్బను త్రవ్విన పొరుగువారి నుయ్యి చెడును. వరుసలో ఒక సందున్న, గాలి ఆ సందుననే విజృంభించును. కావున ప్రతి తీరగ్రామ సంఘమును ఒక నారుమడి నేర్పరచి, పొన్న, కానుగ, గంగరావి గింజలను సభ్యులచే సేకరింపించి, మొలకలను ఇంటింటికి పంచవలెను. దిబ్బను త్రవ్వరాదని సభలో తీర్మానించుకొనవలెను. బిడ్డలకు పొలమును విడిచిపోవువారు, త్రాగదగిన నూతినీటిని గూడ విడిచిపోవుట ధర్మమని మా మనవి.