పాత కారు – రబ్బరు బుష్షులు

తెలుగు బోధించే ఉపన్యాసకుడు కారు మరమ్మతును గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. మా నాన్నగారి నుండి నాకు సంక్రమించిన 1984 నాటి అంబాసిడర్ కారే ఈ వ్యాసానికి కారణం. దాని వలన నేర్చుకొన్న ఒక్క విషయం మన విద్యార్థులకు, ముఖ్యంగా ఇంట పాత బండి ఉన్నవారికి, ఉపకరిస్తుందని నా నమ్మకం.

హిందుస్తాన్ మోటార్స్ వారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారం చేసుకొని 1958లో అంబాసిడర్‌ను విడుదల చేశారు. 2014లో దాని తయారీ నిలిచిపోయినది. ముందు చక్రాల బరువును మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనుక చక్రాల బరువును కమాను కట్టలు మోస్తాయి. 'కమాన్' అనగా పారసీక భాషలో విల్లు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఈ మాట పరిచితమే. తెలుగు మెకానిక్కులు దానిని ఎన్నడో తమదిగా చేసుకొన్నారు. ఈ కమాను కొనలను, ముందు చక్రపు చేతులను కారు చట్రంతో కలిపే ప్రతి కీలులోను ఒక రబ్బరు బుష్షు ఉంటుంది.

దీని పనితీరు చిత్రమైనది. తలుపు బందులో ఇనుముపై ఇనుము ఒరుసుకొంటుంది గనుక నూనె వేస్తాము. రబ్బరు బుష్షులో ఏదీ జారదు. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకొంటుంది. వెలుపలి భాగం చక్రపు చేతిని గాని, కమానును గాని అంటిపెట్టుకొని ఉంటుంది. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా నడుమనున్న రబ్బరు మెలితిరిగి, మరల తన స్థితికి వస్తుంది. కాబట్టి దానికి గ్రీజు అక్కరలేదు. పైగా గ్రీజు, ఇంజను నూనె తగిలిన సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. "కీచుమంటున్నది, కాస్త ఆయిల్ కొట్టు" అని చెప్పడం దాని ఆయువు తీయడమే.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును కాచి గట్టిపరచే విధానం కనుగొన్నాడు. ఆ రబ్బరు సైతం వేడికి, గాలిలోని ఓజోనుకు క్రమంగా బిరుసెక్కి పగులుతుంది. మన తీరంలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా, భావనపాడు వైపు నుండి వీచే గాలి బోల్టును తుప్పుపట్టించి లోపలి గొట్టానికి అతికిస్తుంది. నా కారులో ఒక బోల్టును రంపంతో కోయవలసి వచ్చినది.

బుష్షు అరిగిన సూచనలు ఇవి: గతుకుల మీద టకటక శబ్దం, బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగడం, తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగును మాటిమాటికీ సవరించవలసి రావడం, టైరు ఒక అంచుననే అరగడం. కారు మూలను అదిమి వదిలినప్పుడు చాలాసార్లు ఊగితే దోషం షాక్ అబ్జార్బర్‌ది. టైరు లివరుతో కీలును కదిపినప్పుడు ఇనుము ఇనుమును తాకితే బుష్షుది. పైపై పగుళ్ళు చూచి తొందరపడనక్కరలేదు. రబ్బరు ఇనుమును విడిచినదా అన్నదే చూడవలెను.

మా వీధిలోని ఒక పెద్దాయనను వారానికి రెండుసార్లు డయాలసిస్ కొరకు పూండి నుండి పలాసకు నా కారులోనే తీసుకొని వెళ్ళేవాడిని. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన రెండు చేతులతో సీటును పట్టుకొనేవారు. ఒకనాడు జాతీయ రహదారిపై లారీ వెనుక బ్రేకు వేయగా కారు సగం అడుగు పక్కకు తొలగినది. ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం చెమటలు పట్టినవి.

మరునాడే ఒక షెడ్డులో బుష్షులన్నీ మార్పించాను. నాలుగు నెలలు తిరగకుండానే టకటక మరల మొదలైనది. రబ్బరు నాసిరకమనుకొని మరొక జత కొన్నాను. అప్పుడు పలాసలో ఒక వృద్ధ మెకానిక్కు పాత బుష్షును చేతిలో త్రిప్పి చూచి, "మాస్టారూ, రబ్బరు మంచిదే. చక్రాలు వేలాడుతుండగా బిగించేశారు" అన్నాడు.

అసలు విషయమంతా ఆ మాటలో ఉన్నది. జాకీపై కారును లేపితే చక్రం క్రిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో నట్టు బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానమవుతుంది. కారును దింపగానే రబ్బరు మెలితిరిగి, కదలక నిలిచి ఉన్నప్పుడు సైతం మెలికలోనే ఉండిపోతుంది. ఒక లెక్క చూడండి. చక్రపు చేయి మధ్యస్థానం నుండి పైకి 15, క్రిందికి 15 డిగ్రీలు కదులుతుందనుకొందాం. సరిగా బిగిస్తే రబ్బరు ఏ వైపునకైనా 15 డిగ్రీలకు మించి మెలితిరగదు. వేలాడుతుండగా బిగిస్తే ఒకే వైపు 30 డిగ్రీలు మెలితిరగవలెను. ఎంత మంచి రబ్బరైనా చిరుగక ఏమవుతుంది?

కాబట్టి బోల్టులను మొదట వదులుగా ఉంచి, కారును నేలకు దింపి, ముందుకు వెనుకకు రెండుసార్లు నెట్టి, బరువు చక్రాలపై సర్దుకొన్న తరువాతనే గట్టిగా బిగించవలెను. క్రిందికి చేయి దూరకపోతే నాలుగు చక్రాలను బలమైన దిమ్మెలపైకి ఎక్కించి, కదలకుండా అడ్డుకట్టలు పెట్టి బిగించవచ్చును. జాకీని మాత్రమే నమ్మి ఎవరూ కారు క్రిందికి పోరాదు. ముందరి ఉక్కు కడ్డీలో మెలిక బలం దాగి ఉంటుంది. దానిని విప్పే పని అనుభవజ్ఞులకే విడిచిపెట్టండి.

పాత రబ్బరును గ్యాసు మంటతో కాల్చి తీయడం కొన్ని షెడ్లలో అలవాటు. ఆ వేడికి కమాను ఉక్కు తన పదును కోల్పోతుంది. పొగ కూడా చెడ్డది. బెంచి వైసులో పెట్టి నెట్టడం ఆలస్యమైనా క్షేమం. క్రొత్త దానికి సబ్బునీరు రాస్తే సులువుగా దిగుతుంది. ఎడమ కుడి రెండూ ఒకేసారి మార్చవలెను.

మా కారుకు రెండవ జత ఆ విధంగానే బిగించారు. మూడు సంవత్సరాలైనది. పెద్దాయన ఇప్పుడు పలాస చేరేలోపు వెనుక సీటులో ఒక కునుకు తీస్తున్నారు. ఖర్చులో నేను మొదట మిగుల్చుకోజూచినది చక్రాల అలైన్‌మెంటు. మెకానిక్కు ఒప్పుకోలేదు; కీలు మారితే చక్రపు కోణం మారుతుందని, అది సరిచూడకపోతే టైర్లు అరుగుతాయని చెప్పి అప్పటికప్పుడే పంపించాడు.